నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కించొచ్చా? కింద నిలబడి చక్రం తిప్పినవాడి సమాధానం

అమ్మా, మీరు అడిగింది ఇదీ. వరంగల్ నుంచి ఒక రోజు హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వస్తున్నారు. పాపకి 7 ఏళ్లు, బాబుకి 4. మీ నాన్నగారికి 68, రెండేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు, అయినా జెయింట్ వీల్ ఎక్కుతానని పట్టుబడుతున్నారు. ఏ టైంకి రావాలి, ఏవి ఎక్కించాలి, ఆ తుప్పు పట్టిన రైడ్లని నమ్మొచ్చా అన్నది మీ టెన్షన్.

ముందు సూటిగా చెప్పేస్తాను. పాపని ఎక్కించండి, మీరు పక్కన కూర్చోండి. బాబుని పెద్ద చక్రం ఎక్కించొద్దు. నాన్నగారి సంగతి చివర్లో చెబుతాను. తుప్పు చూసి భయపడొద్దు, కొత్త రంగు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. టికెట్ కొనేముందు చక్రం కింద నిలబడి రెండు రౌండ్లు చూడండి. చక్రాన్ని కాదు, లివర్ దగ్గరున్న మనిషిని.

ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఐటీఐ ఎలక్ట్రికల్ పాసై, ఉద్యోగం దొరక్క, ఒక ఎగ్జిబిషన్ పార్టీతో వైర్‌మన్‌గా బయల్దేరాను. ఆరు నెలలు చేద్దామనుకున్నవాణ్ణి, దాదాపు ముప్పై ఏళ్లు ఉండిపోయాను. తిరునాళ్లు, జాతరలు, వేసవి ఎగ్జిబిషన్లు, సంక్రాంతి సంబరాలు, ఎక్కడ లైట్లు వెలిగితే అక్కడ మా లారీలు. జెయింట్ వీల్, కొలంబస్, సలాంబో, బ్రేక్ డాన్స్ లాంటి రైడ్లన్నీ విప్పాను, బిగించాను, నడిపాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఇంట్లో ఉన్నాను.

మీ పిల్లలు చూసిన పార్కులకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ రైడ్ కాంక్రీటులో పాతి ఉంటుంది, పదేళ్లయినా అక్కడే. ఎగ్జిబిషన్లో రైడ్ నిన్న లారీలో ఉంది, ఇవాళ మైదానంలో ఉంది, వచ్చే నెల ఇంకో ఊళ్లో ఉంటుంది. ప్రతిసారీ వందల బోల్టులు విప్పాలి, మళ్లీ బిగించాలి. అందుకని ఇక్కడ మంచి చెడ్డలన్నీ బిగించినవాడి చేతిలోనూ, నడిపేవాడి చేతిలోనూ ఉంటాయి. అనుమతుల కాగితాలు ఉంటాయి. రోడ్లు భవనాల శాఖ, విద్యుత్, ఫైర్, పోలీసు వాళ్లు చూడాలి. రైడ్ల భద్రతకి, దేశంలో ప్రమాణాలు ఖరారు చేసే బీఐఎస్ వాళ్ల ఐఎస్ 15475 అనే ప్రమాణం కూడా ఉంది. కానీ ఆ కాగితం వచ్చిన రోజుకీ మీరు ఎక్కే రోజుకీ మధ్య చక్రం కొన్ని వేల చుట్లు తిరిగి ఉంటుంది.

నుమాయిష్ సంగతి తెలంగాణవాళ్లకి నేను చెప్పక్కర్లేదుగానీ, మీ నాన్నగారికి ఈ కథ సరదాగా ఉంటుంది. 1938లో ఉస్మానియా గ్రాడ్యుయేట్ల సంఘం వాళ్లు పబ్లిక్ గార్డెన్స్‌లో, అంటే బాగే ఆంలో, స్థానికంగా తయారయ్యే సరుకులు చూపించడానికి దీన్ని మొదలుపెట్టారు. పేరు కూడా అదే: నుమాయిష్ మస్నుఆతే ముల్కీ. 1946లో నాంపల్లి మైదానానికి వచ్చింది. మధ్యలో ఆగి, 1949లో అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించాక అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. పేరులో పరిశ్రమ ఉంది, జనానికి కావలసింది మాత్రం కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, మిర్చి బజ్జీలు, జెయింట్ వీలు.

ఏ రోజు, ఏ టైం అన్నారు. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. గేట్లు సాయంత్రం 4కి తెరుస్తారు, రాత్రి పదిన్నర వరకు, శనాదివారాల్లో 11 వరకు. మంగళవారమో బుధవారమో, గేట్లు తెరిచే నాలుగింటికే రండి. సంక్రాంతి సెలవులు, రిపబ్లిక్ డే, ఆదివారాలు వద్దు. ఆ రోజుల్లో మీరు రైడ్లు ఎక్కరు, ముందు నిలబడ్డవాళ్ల వీపులు చూసి ఇంటికి పోతారు. 2025లో గేటు టికెట్ 50 రూపాయలు, అయిదేళ్ల లోపు పిల్లలకి లేదు. లోపల ప్రతి రైడ్‌కీ వేరే టికెట్. మెట్రోలో వస్తే గాంధీ భవన్ స్టేషన్లో దిగండి, కారు తీసుకొచ్చి పార్కింగ్ కోసం గోషామహల్ సందులన్నీ తిరగొద్దు. చిల్లర నోట్లు తెచ్చుకోండి. జనం ఎక్కువైతే ఫోన్ సిగ్నల్ చచ్చిపోతుంది, యూపీఐ చక్రం మన చక్రం కంటే ఎక్కువసేపు తిరుగుతుంది.

నాలుగింటికే రమ్మని ఎందుకంటున్నానంటే, ఆ టైంలో ఆపరేటర్లు భోజనం చేసి, కాస్త నిద్ర తీసి, ఖాళీ చక్రాన్ని నాలుగైదు చుట్లు తిప్పి చూసుకుని కూర్చుంటారు. రాత్రి తొమ్మిదిన్నరకి అదే మనిషి గొంతు పోయి, కళ్లు ఎర్రబడి, ఎదురుగా రెండొందల మంది క్యూ చూస్తూ లివర్ లాగుతుంటాడు. పెద్ద రైడ్లన్నీ ముందు ఎక్కేయండి. ఆ తర్వాత షాపింగ్, ఆ తర్వాత తిండి. మన జనం సరిగ్గా తిరగేసి చేస్తారు. హలీమూ పావ్ భాజీ దిట్టంగా లాగించి బ్రేక్ డాన్స్ ఎక్కుతారు, ఆ తర్వాత తొట్టి కడుక్కునేది మేము.

ఇక చక్రం.

మన ఎగ్జిబిషన్ జెయింట్ వీల్‌ని తేలిగ్గా చెప్పాలంటే ఎడ్లబండి చక్రాన్ని నిలబెట్టి రెండు కాళ్ల మధ్య ఇరుసు మీద వేలాడదీసినట్టు. ఆకులు, అంచు, అంచుకి మీరు కూర్చునే తొట్లు. అడుగున ఇనుప చట్రం, దాని కింద చెక్క దిమ్మెలు. మైదానం ఎప్పుడూ సమంగా ఉండదు కాబట్టి ఆ దిమ్మెలు పేర్చి, నీళ్లు నింపిన ట్యూబుతో మట్టం చూసి సరిచేస్తాం. ఒక కాలు అంగుళం దిగినా ఇరుసు వంగుతుంది, చక్రం పక్కకి ఊగుతుంది. మీరు చూడాల్సిన మొదటి విషయం అదే. చక్రానికి ఎదురుగా కాదు, పక్క నుంచి, అంచు సన్నగా గీతలా కనిపించే చోట నిలబడండి. తిరుగుతున్నప్పుడు ఆ గీత కాస్త కదలడం మామూలే. నాట్యం చేస్తుంటే వెళ్లిపోండి. దిమ్మెల చుట్టూ నీళ్లు నిలిచి మట్టి మెత్తబడితే కూడా అంతే.

తర్వాత జనాన్ని ఎక్కించే తీరు చూడండి. తెలిసినవాడు వరసగా తొట్లు నింపడు. ఒక తొట్టి నింపి, సగం చుట్టు తిప్పి, ఎదురు తొట్టి నింపుతాడు. తర్వాత పక్కది, దాని ఎదురుది. లావుపాటి కుటుంబం ఒక వైపు ఎక్కితే ఎదురు వైపు అంతే బరువు వెతుకుతాడు. ఒక పక్కే నింపితే చక్రం దొర్లిపోవాలని చూస్తుంది, మోటారు ఏడుస్తుంది, బ్రేకు కాలుతుంది. క్యూలో మీరు ముందున్నా "ఆగండమ్మా, మీరు తర్వాత" అని వెనకవాళ్లని ఎక్కిస్తే కోప్పడొద్దు. అలా చేసేవాడే నా లెక్కలో పనివాడు.

వేగం మాట. పొట్టలో ఏదో జారినట్టయ్యే భయం ఎత్తు వల్ల వస్తుందని అందరూ అనుకుంటారు, నిజానికి అది వేగం వల్ల వస్తుంది. 1893లో షికాగోలో ఫెర్రిస్ అనే ఇంజనీరు కట్టిన మొదటి పెద్ద చక్రం 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. ఆపకుండా తిప్పితే ఒక చుట్టుకి 9 నిమిషాలు పట్టేది. అందులో ఎవరి కడుపూ తిరిగి ఉండదు. మనది యాభై అరవై అడుగులే, కానీ చుట్టుకి ఏడెనిమిది సెకన్లు.

లెక్క కావాలంటే ఇదిగో. ఇరుసు నుంచి తొట్టికి 8 మీటర్లు, నిమిషానికి 8 చుట్లు అనుకోండి. 50 కిలోల మనిషి పైకి చేరినప్పుడు సీటు మీద పడే బరువు సుమారు 21 కిలోలు. అడుగున 79. అదే 10 చుట్లకి పెంచితే పైన మిగిలేది 5 కిలోలే. 11 చుట్లు చేస్తే మనిషి సీటు మీద నుంచి లేస్తాడు, ముందు అడ్డంగా ఉండే బార్ పట్టుకోకపోతే అంతే సంగతులు. 8కీ 11కీ మధ్య తేడా ఎంతో తెలుసా? పాత డీజిల్ ఇంజను రోజుల్లో త్రాటిల్ మీద బొటనవేలు కొంచెం నొక్కడం. ఇప్పుడు మోటారు వేగం మార్చే డ్రైవ్ మీద గుండీ ఒక్క గీత తిప్పడం. కుర్రకారు "స్పీడ్, స్పీడ్" అని అరుస్తుంటారు. ఈలలు వేస్తారు. అప్పుడు ఆపరేటర్ ముఖం చూడండి. నవ్వి ఊరుకుంటే పాపని తీసుకెళ్లండి. ఈలకి ఈల వేసి గుండీ మీద చెయ్యి వేస్తే ఇంకో రైడ్ చూసుకోండి. పాప బరువు ఇరవై కిలోలు ఉంటుందా? పైన ఆ ఇరవైలో ఎనిమిదో తొమ్మిదో మిగులుతాయి. సన్నటి పిల్లలు బార్ కింద నుంచి ముందుకి జారేది అప్పుడే. నాలుగేళ్ల బాబుకి కాళ్లు తొట్టి అడుగుకి ఆనవు, చేతులు బార్‌కి సరిగా అందవు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే బార్ మీ ఇద్దరి మధ్య సరిగా పడదు. అందుకే వాడికి వద్దన్నాను. పాపకి మాత్రం సీటు వెనక్కి ఆనుకుని కూర్చుంటే అరికాళ్లు నేలకి తగలాలి, రెండు చేతులూ బార్‌ని గుప్పిట పట్టాలి. ఈ రెండూ కుదిరితే చాలు.

నాలుగోది తలుపు చీల. బండి చక్రం ఊడకుండా ఇరుసుకి చీల కొడతారు చూడండి, తొట్టి బార్‌కీ అలాంటిదే ఒక పిన్ను, పిన్ను జారకుండా ఒక స్ప్రింగు క్లిప్పు ఉంటాయి. క్లిప్పు చిటికెన వేలంత. ధర చెబితే నవ్వుతారు. దాని గురించి నేను ఒక తప్పు ఒప్పుకోవాలి.

ఒక ఊళ్లో రైడ్లు విప్పి లారీకెక్కించేటప్పుడు ఒక తొట్టి క్లిప్పు పోయింది. తర్వాతి ఊళ్లో బిగిస్తున్నప్పుడు చూసుకున్నాను. రాత్రికి ప్రారంభం, ఎమ్మెల్యే గారు వస్తున్నారు, షాపులు మూసేశారు. యజమాని "ఈ రెండ్రోజులు ఏదో ఒకటి పెట్టి నడిపించరా" అన్నాడు. నేను మేకు ఒకటి దూర్చి వంచాను. మొదటి రాత్రి ఏమీ కాలేదు. రెండో రాత్రి, జనాన్ని దించుతున్నప్పుడు, ఒక తల్లి లేవకముందే బార్ దానంతట అదే తెరుచుకుంది. మేకు వంపు దగ్గర తెగిపోయి ఉంది. వంచిన చోటే ప్రతి చుట్టుకీ అటూ ఇటూ ఆడి ఆడి తెగింది. తొట్టి అప్పటికి నేల మీదుంది కాబట్టి ఆవిడకి ఏం జరిగిందో కూడా తెలియదు, పిల్లాణ్ణి ఎత్తుకుని జిలేబీ కొట్టు వైపు వెళ్లిపోయింది. నాకు చేతులు వణికాయి. ఆ తొట్టికి అడ్డంగా తాడు కట్టేసి మిగిలిన పదకొండుతోనే తిప్పాను. యజమాని తిట్టాడు, జీతంలో కోశాడు. మర్నాటి నుంచి నా జేబులో ఇరవై క్లిప్పులు ఉండేవి. ఇప్పటికీ ఇంట్లో ఒక డబ్బాలో ఉన్నాయి.

అందువల్ల ఎక్కడైనా ఒక తొట్టిని తాడుతో కట్టేసి ఖాళీగా తిప్పుతుంటే "అమ్మో, ఇది పాడైపోయిన చక్రం" అని జడుసుకోకండి. ఆ తొట్టిలో వచ్చే డబ్బు వదులుకున్నవాడు మిగిలిన తొట్లు చూసుకునే ఉంటాడు. ఎక్కాక మాత్రం మీ పిన్ను మీరే చూసుకోండి. పిన్ను చివర క్లిప్పు కాకుండా మేకో, తీగో, బట్ట పీలికో కనిపిస్తే మొహమాటపడకుండా దిగిపోండి. టికెట్ డబ్బులు పోతే పోయాయి.

మధ్యలో ఆగిపోతే ఎలా అన్నది మీ ఇంకో భయం. ఆగుతాయి. 2025 జనవరిలో నుమాయిష్‌లోనే ఒక రైడ్ తలకిందులుగా ఆగిపోయి జనం గాల్లో వేలాడిన వీడియో మీరూ చూసే ఉంటారు. తలకిందులు చేసే ఆ రకం రైడ్లు పిల్లలతో ఎక్కడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు, మీకూ వద్దు. జెయింట్ వీల్ ఆగితే అంత ప్రమాదం లేదు. మా జనరేటర్ ఒకసారి డీజిల్ ఫిల్టరు పట్టేసి ఆగిపోయింది. ఒక్కసారిగా చీకటి, మైకులో పాట ఆగింది, పైనుంచి కేకలు. అప్పుడు చేసేది ఇదీ: బ్రేకు మెల్లగా వదిలితే బరువున్న పక్క దానంతట అదే కిందికి దిగుతుంది. అడుగుకి వచ్చిన తొట్టిలో వాళ్లని దించుతాం, మళ్లీ వదులుతాం. కొంతసేపటికి రెండు పక్కలా బరువు సమమై చక్రం కదలదు. అప్పుడు నలుగురం అంచు పట్టుకుని చేత్తో లాగుతాం, లేదా మా కుర్రాళ్లనే ఖాళీ తొట్టిలో ఎక్కించి బరువు పెడతాం. నిజమైన భయం చక్రంతో కాదు. ఆ రాత్రి పైనున్న ఒకాయన బార్ తీసి, ఆకులు పట్టుకుని దిగుతానని లేచి నిలబడ్డాడు. మైకు లేదు. కిందనుంచి ఆయన భార్య, "కూర్చోండి, మీకు చెట్టెక్కడమే రాదు!" అని ఒక్క అరుపు అరిచింది. జనమంతా నవ్వారు, ఆయనా నవ్వి కూర్చున్నాడు. అరగంటలో అందరినీ దించాం. మీకు అలా జరిగితే కూర్చోండి, బార్ వదలకండి, పాపతో కింద కనిపించే లైట్లు లెక్కపెట్టించండి.

గాలి గట్టిగా వీచినా, చినుకు పడ్డా ఎక్కొద్దు. చాలా చక్రాల్లో అంచుకి రబ్బరు టైరు ఆనించి తిప్పుతారు. తడిస్తే టైరు జారుతుంది, ఆపాల్సిన చోట ఆగదు. కరెంటు సంగతి సరేసరి, వానలో ఇనుప మెట్ల మీద చెయ్యి వేయకపోతే మంచిది.

మీ పాపకి జడ వేసి, పైకి ముడి కట్టండి. మీరు చున్నీ వేసుకుంటే అడ్డంగా కట్టి నడుం దగ్గర ముడి వేసుకోండి. గో కార్ట్ లాంటి వాటిల్లో జుట్టో చున్నీయో వెనక ఇరుసుకి చుట్టుకుంటే మనిషి అరిచే టైం కూడా ఉండదు. ఇంతకంటే వివరంగా రాయను.

బాబు గురించి. వాడికి రంగులరాట్నం, చిన్న కార్లు, డ్రాగన్ ట్రైన్, మైదానం చుట్టూ తిరిగే టాయ్ ట్రైన్ చాలు. నాలుగేళ్లవాడికి టాయ్ ట్రైన్ అంటే జెయింట్ వీల్ కంటే గొప్ప. కిటికీలోంచి జనానికి టాటా చెబుతాడు, అదే వాడికి పండగ. గాలి నింపిన బొమ్మల మీద ఎగిరేవి ఉంటాయి, వాటిల్లో పెద్ద పిల్లలు లేనప్పుడే వదలండి. రంగులరాట్నంలో గుర్రం వద్దు, కదలని బెంచీ లాంటి సీటు ఉంటుంది, అందులో కూర్చోబెట్టండి. గుర్రం కావాలని ఏడిస్తే మీరు పక్కన నిలబడి నడుం పట్టుకోండి, ఆపరేటర్ ఏమనడు.

మౌత్ కా కువా, మృత్యుబావి, ఉంటే తప్పకుండా చూడండి. నాకు ఈ మొత్తం లోకంలో ఇష్టమైనది అదే. చెక్క పలకలతో కట్టిన నిలువు గోడ, దాని మీద బైకు అడ్డంగా పరిగెడుతుంది. మాయ ఏమీ లేదు. గుండ్రంగా తిరిగేవాణ్ణి గోడ లోపలికి నెడుతుంది, ఆ ఒత్తిడికి టైరు గోడని పట్టుకుంటుంది, ఆ పట్టు బైకు బరువుని మోస్తుంది. ముప్పై అడుగుల వెడల్పు బావిలో టైరు పట్టు బాగుంటే గంటకి 30 కిలోమీటర్ల లోపే ఆ లెక్క సరిపోతుంది. కానీ పలక నున్నబడుతుంది, మంచు తేమ ఉంటుంది, నూనె చుక్క పడుతుంది. అందుకని 40 దాకా వెళతారు. ఆ వేగంలో వాడి ఒంటి మీద మామూలు బరువుకి రెండున్నర రెట్లు పైనే ఒత్తిడి పడుతుంది. రెండు చేతులూ వదిలేసి నవ్వుతుంటాడు చూడండి, ఆ నవ్వు వెనక మెడ నరాలు బిగిసి ఉంటాయి. దిగాక రెండు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడడు.

పైన గట్టు మీద నిలబడి చూసేటప్పుడు ఒక జాగ్రత్త. జనం పది రూపాయల నోటు చాచి పట్టుకుంటారు, రైడర్ వచ్చి లాక్కుపోతాడు. పిల్లలు అది చూసి తామూ చెయ్యి చాస్తారు. కడ్డీ లోపలికి చెయ్యి పోనివ్వొద్దు. బైకు దగ్గరకొచ్చినప్పుడల్లా మీ కాళ్ల కింద పలకలు ఊగుతాయి, అది మామూలే, అలా ఊగేలాగే కడతారు. బైకులకి సైలెన్సర్ తీసేస్తారు కాబట్టి బాబు చెవుల్లో దూది పెట్టండి.

చిన్న చిన్న మోసాల గురించి కూడా చెప్పనా? బెలూన్లు కాల్చే తుపాకీ గురి ఎప్పుడూ ఒక పక్కకి లాగుతుంది. మొదటి గుండు పోయిందనుకుని ఎక్కడ తగిలిందో చూసి, అంతే దూరం రెండో పక్కకి జరిపి కాల్చండి, పాప దగ్గర మార్కులు కొట్టేయొచ్చు. రింగులు విసిరే ఆటలో సబ్బుకి రింగు బాగానే పడుతుంది, గడియారం కింద పెట్టిన దిమ్మకి మాత్రం వెంట్రుకవాసిలో పడుతుంది, పడనట్టే. పాము ఒంటికి అమ్మాయి తల ఉన్నట్టు చూపించే డేరా ఎక్కడైనా కనబడితే, అద్దాలు ఏటవాలుగా నిలబెట్టి ఒళ్లు దాచేస్తారంతే. పిల్లలకి ముందే చెప్పకండి. బయటికొచ్చాక వాళ్లే కనిపెడతారేమో చూడండి.

లోపలికి వెళ్లగానే గేట్లు గుర్తుపెట్టుకోండి. గాంధీ భవన్ గేటు, అజంతా గేటు, గోషామహల్ గేటు. 2019 జనవరి 30 రాత్రి ఇక్కడ పెద్ద మంటలు లేచి స్టాళ్లు వరసలకి వరసలు కాలిపోయాయి. అప్పుడు జనమంతా వచ్చిన దారివైపే పరిగెత్తారని నా పాత మిత్రుడొకడు చెప్పాడు. పక్క గేటు తెలిసినవాళ్లు నడిచి వెళ్లిపోయారట. పిల్లల ముంజేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి. కాగితం మీద రాసి జేబులో పెడితే వాడు దాంతో విమానం చేస్తాడు. తప్పిపోతే జెయింట్ వీల్ టికెట్ కౌంటర్ దగ్గర కలుద్దామని పాపకి చెప్పండి. మైదానంలో ఎక్కడ నుంచి చూసినా కనిపించేది అదొక్కటే.

ఇక మీ నాన్నగారు. నేను డాక్టర్ని కాను. స్టెంట్ వేసిన మనిషికి క్షణంలో బరువు తగ్గి క్షణంలో రెట్టింపయ్యే బండి మంచిదా కాదా అన్నది ఆయన గుండె డాక్టర్నే అడగండి. నా మటుకు నేను, గుండె జబ్బు ఉందని తెలిస్తే ఎంత బతిమాలినా ఎక్కించేవాణ్ణి కాదు. కానీ "నాన్నా, మీరు వద్దు, ఇక్కడ కూర్చోండి" అని సంచులు చేతికిచ్చి బెంచీ మీద కూర్చోబెట్టకండి, చిన్నబుచ్చుకుంటారు. బాబుతో పాటు టాయ్ ట్రైన్ ఎక్కించండి. వాడికి తాత తోడు, ఆయనకి వాడు సాకు. మీరూ పాపా చక్రం ఎక్కినప్పుడు ఆయన్ని కింద ఆపరేటర్ పక్కన నిలబెట్టి, మీరు ఏ తొట్టిలో ఉన్నారో గుర్తుపెట్టుకుని, దిగే టైంకి అతనికి చెప్పే పని అప్పగించండి. ఇప్పుడు తొట్లకి నంబర్లు వేస్తున్నారు. మా రోజుల్లో నంబర్లుండేవి కావు, తొట్టికొక సినిమా హీరోయిన్ బొమ్మ గీయించేవాళ్లం. మనవరాలు ఎక్కడుందండీ అంటే తాతగార్లు తల ఎత్తకుండానే చెప్పేవారు, "వాణిశ్రీ తొట్టిలో."